తెలియనివాళ్ళు ఎత్తే చెయ్యి

లియూగౌ పట్నంలో హావ్ జిన్‌జి నోటికి జడవని మనిషి ఇంకా పుట్టలేదు. ఆవిడ మొగుడు గువో వెనిగర్ బట్టీలో పనిచేసేవాడు. బట్టీలో పులుపంతా పెళ్ళాం నాలుక మీదికెక్కిందని వీధిలో నవ్వుకునేవారు. ఆ మాట ఒకరోజు ఆవిడ చెవిన పడనే పడింది. "ఎక్కితే ఎక్కింది. పులుపు లేకపోతే మీకు నూడుల్స్ గొంతు దిగుతాయా?" అని నడిబజారులో నిలబడి అడిగేసింది. ఆ తర్వాత ఆవిడ వినేటట్టు ఎవరూ నవ్వలేదు.

హావ్ ప్రాథమిక పాఠశాలలో లెక్కల టీచరు. మా బళ్ళలో కొత్త టీచరు చేరితే ఒక పాత టీచరు చేతిలో పెడతారు. సెప్టెంబరులో అందరి ముందూ కొత్తవాళ్ళు వంగి టీ కప్పు అందిస్తారు, పాతవాళ్ళు పుచ్చుకుని తాగుతారు. అంతే, ఆ ఏడాదికి వాళ్ళు గురుశిష్యులు. శిష్యుడు తప్పు చేస్తే గురువు కూడా తలదించుకోవాలి. చాలామందికి ఆ టీ గుక్కతోనే గురుత్వం ముగిసిపోతుంది. అడిగితే చెబుతారు, అడక్కపోతే వాళ్ళ పని వాళ్ళది. హావ్ అలా కాదు. శిష్యుల వెంట పడేది, వేధించేది, ప్రాణం తీసేది.

మడత స్టూలు ఒకటి చంకలో పెట్టుకుని శిష్యుల క్లాసుకి వెళ్ళి, వెనక గోడకి చేరగిలబడి కూర్చునేది. చిత్రమేమిటంటే, పాఠం చెప్పేవాళ్ళ వైపు ఒక్కసారి కూడా చూసేది కాదు. పిల్లల చేతులే చూసేది. ఏ చెయ్యి టక్కున లేచింది, ఏది సగం లేచి పక్కవాడిని చూసి దిగిపోయింది, ఏది బల్ల కింద రబ్బరు ముక్కని గిల్లుతోంది. గంట కొట్టాక శిష్యుణ్ణి వరండాలో నిలబెట్టి, "నువ్వేం చెప్పావో నాకక్కర్లేదు. మూడో వరసలో పిల్లాడికి ఏం అర్థమైందో చెప్పు" అని అడిగేది. వాళ్ళు నీళ్ళు నమిలేవారు. "తెలీదా? మరి వాడి దగ్గరికెళ్ళి అడుగు. నన్ను చూసి గుటకలేస్తే ఏం లాభం?" అనేది.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. పద్దెనిమిదో ఏట ఆవిడ్ని కొండమీది పల్లెకి టీచరుగా పంపారు. బడంటే మట్టికొండని తొలిచి చేసిన గది. ఊరిపెద్ద ఒక తాళంచెవి, ఒక సుద్దముక్కల డబ్బా చేతిలో పెట్టి, "పిల్లలు లోపలున్నారు, వెళ్ళు" అని తన దారిన తను పోయాడు. ఆ చలికాలమంతా సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక బొగ్గుపొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. పాఠం ఎలా చెప్పాలో ఎవరినైనా అడుగుదామంటే ఆ కొండమీద మేకలు తప్ప ఎవరూ లేరు. ఏడ్చి ఏడ్చి చివరికి ఆవిడకి ఒళ్ళు మండింది. తన తర్వాత వచ్చే ఏ కొత్త టీచరూ ఇలా ఒంటరిగా ఏడవకూడదు, ఏడిస్తే తన ఎదురుగానే ఏడవాలి అని అప్పుడే నిశ్చయించుకుంది. ఆ మాట మీదే నిలబడింది కూడా. ఆవిడ ఎదురుగా ఏడవని శిష్యులు లేరు.

ఇంకో వేసవి వస్తే రిటైరవుతుందనగా ఆవిడకి చివరి శిష్యురాలు వచ్చింది. పేరు నింగ్ షియా. బొగ్గుగని కార్మికుడి కూతురు, కొత్తగా కాలేజీ దాటిన పిల్ల. గొంతు మొదటి వరస దాటి వినపడేది కాదు. మొదటి ఏడాదంతా పరిశీలన. ఆ ఏడాది గట్టెక్కితేనే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే ఇంటికే. టీ అందిస్తుంటే ఆ పిల్ల చేతిలో కప్పు గలగలమంది.

"ఒణక్కు. టీ ఒలికితే మళ్ళీ పోస్తాం. పిల్లల ముందు ఒణికితే మాత్రం వాళ్ళు నిన్ను పీక్కు తింటారు" అంది హావ్.

నింగ్‌కి మూడో తరగతి ఇచ్చారు. ఆ క్లాసులో గూయు అని ఒక పిల్ల ఉండేది. ప్రతిదానికీ ఎందుకు అనేది. దాని దెబ్బకి నింగ్ మొదటి నెలలోనే రెండుమూడు సార్లు వరండాలో కళ్ళు తుడుచుకుంది. హావ్ పక్కనే నిలబడి, "ఏడుపయిందా? అయితే రా. అది అడిగినదానికి నీకు జవాబు తెలుసా తెలీదా?" అంది.

"తెలీదు గురువుగారూ."

"తెలీదని దానికి చెప్పావా?"

"చెబితే పరువు పోదూ?"

"పోయేంత పరువు నీకెక్కడుంది పిల్లా, చేరి నెలన్నా కాలేదు! వెళ్ళి చెప్పు. నాకూ తెలీదు, రేపు చూసొచ్చి చెబుతాను అను. అనేసి, రేపు తప్పకుండా చెప్పు."

నింగ్ చెప్పింది. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. ఆ పూట నుంచి ఆ పిల్ల గొంతు రెండో వరసకీ మూడో వరసకీ వినపడసాగింది. హావ్ మెచ్చుకోలేదు గాని, ఆ వారం ఇంటినుంచి ఎండు రేగుపళ్ళ పొట్లం తెచ్చి విసురుగా ఆమె బల్లమీద పడేసింది.

వసంతంలో ప్రిన్సిపాల్ దోంగ్ ఒక కబురు చెప్పాడు. జిల్లానుంచి పెద్దలు, చుట్టుపక్కల బళ్ళనుంచి టీచర్లు వస్తారు. వాళ్ళందరి ముందూ నింగ్ ఒక పాఠం చెప్పాలి. అది బాగుంటే ఉద్యోగం ఖాయం, బాగోకపోతే కాదు. పాఠం సగం, పావు లాంటి భాగాల గురించి.

ఇలాంటి పాఠాన్ని మా దగ్గర ఊరికే చెప్పరు, నూరుతారు. లెక్కల టీచర్లందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కొత్త టీచరు ఒక క్లాసుకి చెప్పి వస్తుంది. ఒకరు ఆ వాక్యం తీసెయ్యమంటారు, ఒకరు ఇక్కడ నవ్వమంటారు, ఇంకొకరు చెయ్యి ఇలా తిప్పమంటారు. మార్చి ఇంకో క్లాసుకి చెబుతుంది, మళ్ళీ తిట్లు. హావ్‌కి ఈ పద్ధతంటే ఇష్టమే. కొత్తవాళ్ళ పాఠం గురించి ఇంతమంది బుర్రలు బద్దలు కొట్టుకోవడం కంటే గొప్ప సాయం ఏముంటుంది అనేది. తను కొండమీద ఉన్నప్పుడు అలా తిట్టే ఒక్క మనిషి దొరికితే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేదాన్ని అని నింగ్‌తో అంది.

పేచీ వచ్చింది దాని దగ్గర కాదు. దోంగ్ హావ్‌ని గదికి పిలిచాడు. "పాఠం బాగానే నలిగింది. ఇక ఆ చేతుల సంగతి కూడా మీ శిష్యురాలికి నేర్పెయ్యండి, హావ్ టీచర్" అన్నాడు.

ఆ సంగతి ఏమిటో బళ్ళో అందరికీ తెలుసు. పైవాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజున టీచరు ప్రశ్న అడిగితే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్నే లేపుతుంది. వెనక కూర్చున్నవాళ్ళకి మాత్రం అన్నీ తెలిసిన బంగారు క్లాసు కనపడుతుంది.

"ఆ దొంగవిద్య నేను నేర్పను" అంది హావ్.

"అందరూ చేసేదే కదండీ. ఇందులో కొత్తేముంది?"

"తెలీనివాడు తెలీదని కూర్చోడానికి కట్టిందే కదయ్యా బడి! అన్నీ తెలిసినవాళ్ళయితే ఇంట్లోనే పడుండేవారు. ఏడాదంతా ఆ పిల్లకి పిల్లల చేతులు చూడ్డం నేర్పాను. ఇప్పుడు ఏ చేతులు చూడకూడదో నేర్పమంటావా?"

దోంగ్ మొహం గంటుపెట్టుకున్నాడు. "సరే, మీరు నేర్పొద్దు. పెయ్ నేర్పుతాడు." పెయ్ అంటే వైస్ ప్రిన్సిపాల్. దోంగ్ తుమ్మితే చేతిరుమాలు అందించే రకం.

పెయ్ మూడురోజులు మూడో తరగతి పిల్లల చేత చేతులెత్తించి దింపించాడు. నింగ్ పక్కన నిలబడి చూసింది, వద్దనలేదు. సంగతి విన్న హావ్ నిప్పులు చెరుగుతూ ఇంటికెళ్ళింది. గిన్నెలు దబదబలాడించింది.

"ఇంత చెప్పినా తలూపింది చూశావా! రేపట్నుంచి అది నా శిష్యురాలే కాదు" అంది మొగుడితో.

గువో వెల్లుల్లి వలుస్తూ తలెత్తలేదు. "ఊరుకో ముసలీ. వేసవికి రిటైరయ్యేదానివి, నువ్వు ఎంతయినా అరుస్తావు. ఆ పిల్ల ఉద్యోగం పోతే అన్నం నువ్వు పెడతావా?"

"నువ్వు నోరు ముయ్యి, ముసలాడా" అంది హావ్. కానీ ఆ మాట ఆవిడకి తగలవలసిన చోటే తగిలింది. నిజమే, ఆ పిల్ల ఎవరి అండ చూసుకుని ఎదురు తిరుగుతుంది? ధైర్యంగా ఉండమని చెప్పడం తేలిక. ఇంత చెప్పిన తను, ఆ మూడురోజులూ క్లాసు ఛాయలకి పోకుండా అలిగి కూర్చుంది. ఒకప్పుడు తనని కొండమీద వదిలేసినట్టే ఈ పిల్లనీ ఒంటరిగా వదిలేసినట్టయింది. ఆవిడకి తనమీదే చిరాకేసింది.

అంతలో గుమ్మంలో నింగ్ నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"లోపలికి రా. చెప్పులతోనే ఏడవకు" అంది హావ్. పిండిముద్ద తీసుకుని, మరిగే నీళ్ళలోకి కత్తితో నూడుల్స్ చెక్కసాగింది. ఆవిడకి కోపమొచ్చినా, జాలేసినా ఆ పనే చేసేది. గిన్నెనిండా పెట్టి, పైన వెనిగర్ పోసి ఇచ్చింది. నింగ్ తింటూ చెప్పింది.

"గూయు పెయ్ గారిని ఒకటడిగింది గురువుగారూ. నాకు సగం తెలుసు, సగం తెలీదు, అప్పుడు ఏ చెయ్యి ఎత్తాలి అంది."

హావ్ పకపకా నవ్వింది. గువో కూడా నవ్వాడు. "మరి ఆ మహానుభావుడేమన్నాడు?" అంది హావ్.

"నోర్మూసుకుని కూర్చో అన్నాడు. అది నావైపు చూసింది. నేను... నేను తల తిప్పేసుకున్నాను." నింగ్ గిన్నె పక్కన పెట్టేసింది. "మా నాన్న గని నుంచి వచ్చేశాడు, ఊపిరి సరిగా ఆడదు. ఈ ఉద్యోగం పోతే నేనేం చెయ్యను?"

హావ్ పొయ్యి ఆర్పి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది. అప్పుడు అంది: "చెయ్యమనీ చెప్పను, మానమనీ చెప్పను. ఉద్యోగం నీది. కానీ ఒకటి విను. నువ్వేం చేసినా ఆరోజు నేను వెనక గోడ దగ్గరే ఉంటాను. తిట్టేదుంటే వరండాలో తిడతాను. వాళ్ళ ముందు మాత్రం నిన్ను ఒక్కదాన్నే నిలబెట్టను. నూడుల్స్ చల్లారుతున్నాయి, తిను."

ఆ రోజు రానే వచ్చింది. క్లాసు వెనక కుర్చీలు కిక్కిరిసిపోయాయి. జిల్లానుంచి వచ్చిన పెద్దాయన ముందు వరసలో, ఆయన పక్కన దోంగ్, గోడవార స్టూలు మీద హావ్. నింగ్ పాఠం నూరినట్టే మొదలుపెట్టింది. నవ్వాల్సినచోట నవ్వింది, చెయ్యి తిప్పాల్సినచోట తిప్పింది. కాగితపు రొట్టెని మడిచి, "సగమంటే ఏమిటి?" అని అడిగింది.

చేతులన్నీ ఒక్కసారి లేచాయి. దోంగ్ మొహం వెలిగింది. హావ్ అలవాటు కొద్దీ చేతులే చూసింది. కుడి, కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగో వరసలో గూయు రెండు చేతులూ నిటారుగా ఎత్తి కూర్చుంది.

పక్క పిల్లలు కిసుక్కుమన్నారు. పెయ్ వెనకనుంచి దింపు దింపు అని సైగలు చేశాడు. నింగ్ చూసింది. కుడిచెయ్యెత్తిన క్లాసు లీడరు, అప్పజెప్పడానికి సిద్ధంగా, ముందు బల్లలోనే ఉన్నాడు. వాణ్ణి లేపితే గొడవే లేదు. నింగ్ కళ్ళు ఒకసారి వెనక గోడ వైపు వచ్చాయి. హావ్ తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. కదలకుండా కూర్చుంది.

"గూయు, నువ్వు చెప్పు" అంది నింగ్. ఆ గొంతు ఆఖరి వరస దాకా వినపడింది.

గూయు లేచింది, చేతులు దించకుండానే. "సగమంటే రెండు సమాన భాగాల్లో ఒకటి. అది తెలుసు. అందుకని కుడిచెయ్యి. కానీ పండక్కి మా నానమ్మ పెద్ద తీపిరొట్టెలో సగం తమ్ముడికి పెట్టింది. చిన్నదాంట్లో సగం నాకు పెట్టింది. ఇద్దరికీ సగమేగా, సమానమే, ఏడవకు అంది. నా సగం, వాడి సగం సమానమేనా? అది తెలీదు. అందుకని ఎడమచెయ్యి."

క్లాసంతా గొల్లుమంది. వెనక మాత్రం ఎవరూ నవ్వలేదు. వచ్చినవాళ్ళలో సగంమంది తమ బళ్ళలో ఇదే ఆట ఆడించిన ఘనులే మరి. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నింగ్ కాగితపు రొట్టె పక్కన పెట్టేసింది. "మంచి ప్రశ్న. తెలీనివాళ్ళు ఇంకా ఎవరున్నారు?" అంది. ముందు ఒకటి, తర్వాత నాలుగు, తర్వాత లెక్కలేనన్ని ఎడమచేతులు. ఇక చూడాలి ఆ క్లాసు! ఒకడు సమానమే అంటాడు, ఒకతి నీ మొహం, రొట్టే చిన్నదైతే సగం పెద్దదెట్లా అవుతుందిరా అంటుంది. క్లాసు లీడరు అప్పజెప్పాల్సింది మరిచిపోయి, గూయు నానమ్మ తరఫున వాదించాడు. నూరిన పాఠంలో చివర ఒక పాట ఉంది. అది పాడకుండానే గంట కొట్టేసింది.

ఆ తర్వాత అందరూ ఒక గదిలో చేరి పాఠం మంచిచెడ్డలు మాట్లాడుకోవడం ఆనవాయితీ. మొదట చెప్పినవాళ్ళు తమ తప్పులు చెప్పుకోవాలి, తర్వాత గురువు చెప్పాలి. జిల్లా పెద్దాయన అంతదాకా ఆగలేదు. "ఆ కుడిచెయ్యి, ఎడమచెయ్యి ఏమిటి?" అన్నాడు.

"చిన్నపిల్ల కదండీ, ఏదో ఉత్సాహం" అన్నాడు దోంగ్.

నింగ్ లేచింది. "ఉత్సాహం కాదండీ. తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలని నేర్పాం. నేను కూడా ఒప్పుకున్నాను."

హావ్ స్టూలు మడిచి చంకలో పెట్టుకుని లేచి నిలబడింది. "గురువుని కాబట్టి నా వంతు. నా శిష్యురాలి తప్పులు రెండు. ఆ చేతుల నాటకానికి ఒప్పుకోవడం ఒకటి. రెండు రొట్టెల్నీ బోర్డుమీద పక్కపక్కన గీయించకపోవడం రెండోది. మొదటిది ఇందాకే దిద్దుకుంది. రెండోది రేపు పొద్దున్న దిద్దుకుంటుంది. ఇంకేమన్నా అనాల్సింది ఉంటే నన్నే అనండి, అది నా చేత టీ తాగించిన పిల్ల."

జిల్లా పెద్దాయన అవుననలేదు, కాదనలేదు. కారెక్కి వెళ్ళిపోయాడు. సాయంత్రం దోంగ్ హావ్‌ని పిలిపించి, ఆ పిల్ల ఉద్యోగానికి పనికిరాదని గురువుగా చెప్పమన్నాడు.

"నా నోటితో అనిపించు, చూద్దాం" అంది హావ్.

"వేసవికి వెళ్ళిపోయేవారు. మీకెందుకండీ ఈ రభస?"

"వెళ్ళిపోయేదాన్ని కాబట్టే. ఇప్పుడు అరవక నా శ్రాద్ధం నాడు అరవనా?"

గురువు ఒప్పుకోకుండా శిష్యురాల్ని తీసెయ్యడం కుదరదు. వారం రోజులు దోంగ్ బతిమాలాడు, బెదిరించాడు, పెయ్ చేత చెప్పించాడు. వాళ్ళ పప్పులుడకలేదు. చివరికి నింగ్‌ని ఇంకో ఏడాది పరిశీలనలో ఉంచారు. అయితే దోంగ్ తన కసి వేరేవిధంగా తీర్చుకున్నాడు. వచ్చే ఏడాది ఆమెకి గురువుగా ఎవరూ ఉండరన్నాడు. ఎవరైనా ముందుకొస్తే వాళ్ళ సంగతి చూస్తానన్నాడు. ఎవరూ ముందుకి రాలేదు కూడా. వేసవిలో హావ్‌కి పూలగుత్తి ఇచ్చి సాగనంపారు.

సెప్టెంబరులో టీ అందించే వేడుక జరుగుతోంది. కొత్త టీచర్లు వంగుతున్నారు, పాతవాళ్ళు తాగుతున్నారు. నింగ్ ఒక్కతే గోడ పక్కన నిలబడి ఉంది. తలుపు తోసుకుని హావ్ వచ్చింది, చంకలో మడత స్టూలుతో. దాన్ని నట్టనడుమ విప్పుకుని కూర్చుంది.

"ఏదీ నా టీ?" అంది.

దోంగ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "హావ్ టీచర్, మీరిప్పుడు ఈ బడి మనిషి కాదు."

"టీ తాగడానికి జీతం కావాలా? జీతం నీ దగ్గరే ఉంచుకో. శిష్యురాలు నాది. లేపి బయట పడేస్తావా, పడెయ్. పట్నమంతా చూస్తుంది."

ఆ నోటితో నడివీధిలో పెట్టుకోవడానికి దోంగ్‌కి ధైర్యం చాల్లేదు. నింగ్ పరుగున వచ్చి కప్పు నింపింది. ఈసారి చెయ్యి ఒణకలేదు. హావ్ ఒక్క గుక్కలో తాగేసి, "చల్లారిపోయింది. రేపు వేడిగా పెట్టు" అంది.

ఆ మధ్యాహ్నమే కొత్త మూడో తరగతిలో వెనక గోడకి చేరగిలబడింది. కిటికీ అవతల దోంగ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నింగ్ అతన్ని చూసింది. బోర్డు మీద ఒక ప్రశ్న రాసింది.

"ఇది తెలీనివాళ్ళు చెయ్యెత్తండి" అంది గట్టిగా.

కొత్త పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలాంటి మాట వాళ్ళని ఎవరూ అడిగి ఉండలేదు. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు వెనక గోడ దగ్గర హావ్ జిన్‌జి, ఆ బళ్ళోనే ముసలిదైన లెక్కల టీచరు, కిటికీ వంకే చూస్తూ, తన ఎడమచెయ్యి నిటారుగా ఎత్తింది. పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. ఒకడు ఎత్తాడు. ఇంకొకతి ఎత్తింది. ఆ తర్వాత క్లాసంతా ఎత్తింది.